వేపాకు చేదుగానే ఉందన్నాడు

మట్టెవాడ, వరంగల్
13 జూలై 2025, ఆదివారం

నయీముద్దీన్ మామూకు, సాబిరా ముమానీకి మెహనాజ్ సలాం.

ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, ఆ వినపడే సగాన్ని స్పీకర్‌లో పెట్టి వాడకట్టు మొత్తానికి వినిపిస్తావు. అందుకే ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. మీ ఊరి శేఖర్ కూరగాయల ఆటో రోజూ ఇక్కడి మార్కెట్‌కు వస్తుంది కాబట్టి మనకు పోస్టు డబ్బా కూడా అక్కరలేదు.

మూడేళ్ల కింద మనిద్దరం పెద్ద లడాయి పెట్టుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం కదా. పాము కరిచిందని ఎవరొచ్చినా నువ్వు దువా చదివి ఊదు, నేను కాదనను. కానీ తాడు కట్టొద్దు, బ్లేడు పెట్టొద్దు, పసరు పోయొద్దు. నీ కొలతల పుస్తకంలోంచి ఓ కాగితం చింపి కరిచిన టైము రాసి, మనిషిని ఆటోలో ఎక్కించి మా దవాఖానకు పంపించు. ఆ మాట నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదు. ఊళ్లో దర్జీవి అయినా పాము అనేసరికి అందరూ నీ గడపే తొక్కుతారు. నువ్వు పంపినవాళ్లలో ఒక్కరు కూడా పోలేదని వార్డులో గొప్పగా చెప్పుకుంటాను.

కానీ ఈ వారం నువ్వు పంపిన ఐదుగురిలో ఒకతన్ని కరిచింది ఎలుక. ఒకామెకు గుచ్చుకున్నది తుమ్మముల్లు. ఇంకొకతన్ని నీటిపాము కరిచింది, దానికి విషమే లేదు. అయినా ఒక్కొక్కరినీ ఒక రోజంతా పెట్టుకుని చూడాలి. నాట్ల కాలం, వార్డులో మంచాలు చాలక ఇద్దరు కింద పడుకున్నారు. డ్యూటీ డాక్టర్ భారతి మేడం అందరి ముందూ నవ్వుతూ, "ఏం మెహనాజ్, మీ మామూ మనకు పేషెంట్లను సప్లై చేస్తాండా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

జర చూసి పంపు మామూ. విషం ఉందనిపిస్తేనే పంపు. కోపం తెచ్చుకోకు.

మీ అల్లుడు సోహెల్ కొత్త షాపు పనుల్లో ఇంట్లో కాలు నిలపడం లేదు. నీ మనవరాలు సుమేరాకు నువ్వు కుట్టిన గౌను అప్పుడే పొట్టయింది.

నీ మేనకోడలు
మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
17 జూలై 2025

మెహనాజ్ బిడ్డకు మామూ దువా.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి మీ ముమానీ లాక్కుని చదివి, "పిల్ల సరిగ్గనే రాసింది, ఇంట్ల మనుషులు నిండితే ఎవరికైనా కష్టమే" అంది. కాబట్టి నీ వైపు ఇద్దరున్నారు, నా వైపు నేనొక్కడినే.

బడి యూనిఫాంలు ఇంకా అరవై జతలున్నాయి. హెడ్‌మాస్టర్ రాంచందర్ సారు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటాడు. పిల్లల కొలతలు జూన్‌లో తీశాను. జూలైకి వాళ్లు పెరిగితే తప్పు నాదేనట.

సప్లై అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయానులే. నువ్వు పంపొద్దనలేదు, చూసి పంపమన్నావు, తెలిసింది. నీ పేరు చెడగొట్టడానికి నేను నిన్ను నర్సు చదివించలేదు. చూసే పద్ధతి మా అబ్బా నాకు చిన్నప్పుడే నేర్పాడు. నువ్వు వద్దన్నావని పక్కన పెట్టాను గానీ మరచిపోలేదు. ఇకనుంచి చూసే పంపుతాను. మీ మేడం మంచాలు ఖాళీగానే ఉంటాయి.

గౌను తెచ్చి ఇవ్వు. లోపల రెండంగుళాలు మడిచే కుట్టాను, విప్పితే సరిపోతుంది.

నయీముద్దీన్

*

వరంగల్, వార్డులోంచి
8 ఆగస్టు 2025, శుక్రవారం పొద్దున

మామూ,

సలాంలూ అవీ తర్వాత. నీ దోస్తు గట్టయ్య బాపును నిన్న సాయంత్రం ఆరుంబావుకు తెచ్చారు. చేతిలో నీ కాగితం లేదు. చీలమండ మీద రెండు కోరల గుర్తులు, మోకాలి దాకా వాపు, చిగుళ్ల నుంచి రక్తం. మొగుడి వెంట వచ్చిన పూలమ్మ పెద్దమ్మను ఎప్పుడు కరిచిందని అడిగితే, "నయీమన్నను ఏమనకు బిడ్డా" అని ఏడుస్తోంది. నేను అడిగింది టైము మాత్రమే.

రక్తం తీసి గాజు గొట్టంలో పోసి కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టాం. మామూలు మనిషి రక్తమైతే ఆపాటికి గడ్డ కడుతుంది. వంచి చూస్తే నీళ్లలా జారింది. రక్తపింజర. వెంటనే విషానికి విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టాం. పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. ఆ మందు కొందరికి పడదు. ఆపి, వేరే ఇంజెక్షన్ ఇచ్చి, నెమ్మదించాక మళ్లీ పెట్టాం. ఆ అరగంట నేను ఆయన చెయ్యి వదల్లేదు. ఆరు గంటల తర్వాత మళ్లీ గొట్టం పెట్టి చూశాం, ఇంకా గడ్డ కట్టలేదు. ఇంకో పది సీసాలు ఎక్కించాం. ఇప్పుడు రక్తం ఆగింది. కానీ మూత్రం నల్లగా, చాలా కొంచెంగా వస్తోంది.

భారతి మేడం నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. ఎప్పుడు కరిచింది? ఏమైనా పసరు తాగించారా? ఇంతసేపు ఎక్కడున్నాడు? పసరు పోసి ఉంటే కిడ్నీలకు ఏది దెబ్బ కొట్టిందో తెలియాలి. శేఖర్ మార్కెట్ నుంచి తిరిగి వస్తున్నాడు, ఇది అతని చేతికే ఇస్తున్నాను. మధ్యాహ్నం లోపల జవాబు పంపు. ఉన్నది ఉన్నట్టు రాయి.

మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
8 ఆగస్టు

మెహనాజ్‌కు,

కరిచింది నిన్న మధ్యాహ్నం ఒకటీ నలభైకి కాస్త ముందు. పసరు పోయలేదు. తాడు కట్టలేదు. బ్లేడు ముట్టలేదు. దువా చదివి ఊదాను. ఇంతసేపు నా దగ్గరే ఉన్నాడు. అయిదు గంటలకు పంపించాను.

దవాఖానకు పోలీసు వచ్చి రాసుకుని పోయాడని శేఖర్ చెప్పాడు. నీ ప్రశ్నలు మేడం కోసమో, ఆ పోలీసు కోసమో నాకు తెలియదు. మేడంకు కావలసింది పైన రాశాను. ఇంకా ఏమైనా కావాలంటే నన్నే పిలిపించమను, వస్తాను.

మీ ముమానీ పూలమ్మకు రొట్టెలు, పచ్చడి పంపుతోంది. తినిపించు. గట్టయ్యకు మూత్రం వచ్చిందా లేదా, శేఖర్‌తో ఒక్క మాట చెప్పి పంపు.

నయీముద్దీన్

*

మట్టెవాడ
10 ఆగస్టు 2025, ఆదివారం

మామూకు,

పాము కాటుతో ఎవరు వచ్చినా పోలీసుకు చెప్పడం దవాఖాన రివాజు. ఎలుక కరిచిన మనిషి గురించీ చెప్పాం. నేను నీ మీద పోలీసుకు రాయిస్తానని ఎట్లా అనుకున్నావు? పదో తరగతి తర్వాత మా అబ్బా నా చదువు ఆపిస్తే, కుట్టుమిషన్ ఆపేసి వచ్చి మా ఇంటి ముందు కూర్చుని నన్ను చదివించింది నువ్వు.

కానీ కోపం ఉంది. దాచుకోలేను. నిన్న మధ్యాహ్నం నుంచి గట్టయ్య బాపుకు చుక్క మూత్రం రాలేదు. కిడ్నీలు ఆగిపోయాయి. ఇవాళ మెడ దగ్గర పైపు వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ముఖం ఉబ్బి కళ్లు కనిపించడం లేదు. బతుకుతాడా అని పూలమ్మ పెద్దమ్మ అడిగితే దేవుడి మీద భారం వేయమన్నాను. రోజుకు పదిమందికి చెప్పే మాటే అది. ఆమెకు చెప్పేసి సెలైన్ చూసే వంకతో పక్కకు వెళ్లిపోయాను.

మూడు గంటల ఇరవై నిమిషాలు మామూ. ఆటో నీ ఇంటి ముందే ఉంటుంది. రెండు గంటలకు ఎక్కించి ఉంటే నాలుగు లోపలే మందు ఎక్కేది. అంతసేపు ఏం చేశావు? జనం చుట్టూ చేరి ఉంటారు. అగరొత్తులు వెలిగించి ఉంటారు. మూడేళ్లుగా కాగితాలు రాసి పంపించి పంపించి, ఒక్కసారి నువ్వే బాగుచేసి చూపించాలనిపించిందా? చిన్నప్పటి దోస్తు మీదనా ఆ పరీక్ష?

ఇంకోటి విను. కాన్‌స్టేబుల్‌తో గట్టయ్య బాపు ఏమని చెప్పాడో తెలుసా? పాము కరిచిన సంగతి తనే ఎవరికీ చెప్పకుండా పొలంలో చెట్టు కింద పడుకున్నాడట. ఊపిరి ఎగబోస్తూ నీ కోసం అబద్ధమాడాడు. నేను పక్కనే నిలబడి వింటూ నోరు మూసుకున్నాను.

మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
11 ఆగస్టు

మెహనాజ్ బిడ్డకు,

దీనితో పాటు నీదే ఒక ఉత్తరం తిరిగి పంపుతున్నాను. జూలై పదమూడున నువ్వు రాసింది. ఒక వాక్యం కింద బట్టల మీద గీసే సుద్దతో గీత పెట్టాను. ముందు అది చదివి తర్వాత నాది చదువు.

చదివావా? విషం ఉందనిపిస్తేనే పంపు అన్నావు.

ఆ రోజు గట్టయ్య పొలం గట్టు నుంచి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. నవ్వుతున్నాడు కూడా. "నయీమా, ఏదో కొరికింది, పామో ఏందో సూడలే" అన్నాడు. చీలమండ మీద రెండు చుక్కలు, పిసరంత వాపు. జూన్ నెల అయి ఉంటే మారుమాట లేకుండా ఆటో ఎక్కించేవాణ్ని. శేఖర్ అప్పటికే బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు. నేను నీ మాట తలుచుకుని ఆగాను.

మా అబ్బా చూసే పద్ధతి వేపాకు. నమిలిస్తే చేదు తెలిసిందా, ఒంట్లో విషం లేదు. చప్పగానో తియ్యగానో ఉందంటే విషం ఎక్కినట్టు. నలభై ఏళ్లు ఆయన అట్లాగే చూశాడు. గట్టయ్య నోట్లో గుప్పెడు ఆకు పెట్టాను. ఎట్లుందిరా అంటే, "చేదుగనే ఉన్నది, ఇంకెట్లుంటది" అన్నాడు. అరగంటాగి మళ్లీ పెట్టాను. చేదే. మూడున్నరకు మూడోసారి పెట్టాను. చేదే. శేఖర్‌ను ఇక కాచుకోవద్దన్నాను. ఈసారి మీ మేడం నిన్ను ఏమీ అనదు కదా అని లోపల సంతోషపడ్డాను కూడా. ఇది అల్లా ముందు ఒప్పుకోవలసిన మాట, నీ ముందు ఒప్పుకుంటున్నాను.

జనం లేరు. అగరొత్తులు లేవు. నేనూ వాడూ ఉన్నాం. మేమిద్దరం ఐదో తరగతి ఎట్లా తప్పామో చెప్పుకుని నవ్వుకున్నాం. అయిదింటికి ఆకు పిప్పి ఉమ్మేస్తే అందులో రక్తం కనబడింది. శేఖర్‌ను కేకేసి వాణ్ని ఆటో ఎక్కించాను. నీకు కాగితం రాయడం కూడా మరిచిపోయాను.

తప్పు నీ నెత్తిన పెట్టడానికి ఇది పంపడం లేదు. నువ్వు చూడమన్నావు, ఆకుతో చూడమనలేదు. ఆకు నాది. కానీ వాణ్ని పెట్టి నా గొప్ప చూపించుకున్నానన్నావే, ఆ మాట మాత్రం నేను మోయలేను. వాడికేమైనా అయితే నేను ఈ ఊళ్లో ఎవరి ముఖం చూసి బతకాలి?

నయీముద్దీన్

*

వరంగల్
13 ఆగస్టు 2025

మామూకు, మెహనాజ్ రాసేది.

నీ ఉత్తరం వార్డు బయట నిలబడి చదివాను. చదివాక మందుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. అగరొత్తుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్నమాట పోదని తెలుసు, అయినా తీసుకుంటున్నాను.

తప్పు ఆకుది మాత్రమే కాదు. సప్లై అన్న ఒక్క మాటకు సిగ్గుపడి, ఆ సిగ్గును నీ మీదికి తోశాను. చూసే పద్ధతి ఉందని నువ్వు రాస్తే, ఏం పద్ధతి మామూ అని అడగాలనే ఆలోచన కూడా రాలేదు. గౌను గురించి చదివి నవ్వుకుని మడిచి పెట్టేశాను.

రెండు ఉత్తరాలూ పట్టుకెళ్లి భారతి మేడం బల్ల మీద పెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆమె రెండూ చివరిదాకా చదివింది. తర్వాత, "విషం ఉన్నదా లేదా అని మనకే గాజు గొట్టం పెట్టి చూస్తే గాని తెలుస్తలేదు. ఒక దర్జీని చూసి పంపమన్నమా మనం?" అంది. నువ్వన్నావు అనలేదు, మనం అంది. ఆ మాటకు నాకు మళ్లీ కన్నీళ్లొచ్చాయి.

కాబట్టి ఇది రాసిపెట్టుకో. రక్తపింజర విషం రక్తాన్ని పట్టుకుంటుంది, నాలుకను కాదు. ప్రాణం పోయే మనిషికి కూడా వేప చేదుగానే ఉంటుంది. ఆకుతో తెలియదు, కంటితో తెలియదు, గంట సేపు మనిషి బాగుంటే కూడా తెలియదు. ఎలుక కరిచినా పంపు. ముల్లు గుచ్చుకున్నా పంపు. మంచాల సంగతి మేం చూసుకుంటాం.

గట్టయ్య బాపుకు ఇవాళ రెండో డయాలసిస్. మనిషి తెలివిలోనే ఉన్నాడు గానీ మూత్రం లేదు. ఇంకో వారం చూడాలంటున్నారు. కిడ్నీలు లేవవచ్చు, లేవకపోవచ్చు. నువ్వు వచ్చి ఒకసారి చూసిపో.

మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
16 ఆగస్టు

మెహనాజ్ బిడ్డకు దువా.

వచ్చి చూడమన్నావు. రాలేను. పూలమ్మ నన్ను ఒక్క మాట అనదు, అందుకే రాలేను.

నిన్న జెండా పండుగకు బడిలో ఊరంతా కూడింది. పిల్లలందరి ఒంటి మీదా నేను కుట్టిన అంగీలే. రాంచందర్ సారు మాట్లాడడం అయిపోయాక మైకు అడిగి తీసుకున్నాను. మైకు ఉంటే నా గొంతు నాకే కాస్త వినపడుతుంది. గట్టయ్య తన ఇష్టంతో పొలంలో పడుకోలేదని, నేనే ఆపి ఉంచానని, ఆకు పెట్టి తప్పు చూశానని చెప్పాను. ఇక నుంచి పాము అని, తేలు అని ఎవరూ నా దగ్గరికి రావొద్దని, నేరుగా దవాఖానకు పొమ్మని చెప్పాను. పోలీసుకు కూడా అదే చెప్తానన్నాను. లడ్డూలు పంచుతుంటే నేను తీసుకోకుండా ఇంటికి వచ్చాను.

మూడేళ్ల కింద నువ్వు కొట్లాడింది దీనికోసమే కదా. ఆనాడే మానేసి ఉంటే ఈ గొడవ ఉండకపోను. నీ మాట ఆలస్యంగానైనా విన్నాను. ఇప్పుడు రవికలు తప్ప ఇంకేం కుట్టడం లేదు. చూపు ఆనడం లేదు.

నయీముద్దీన్

*

మట్టెవాడ
1 సెప్టెంబర్ 2025, సోమవారం

మామూకు సలాం.

ముందు మంచి మాట. మొన్న పొద్దున గట్టయ్య బాపుకు మూత్రం వచ్చింది. నిన్న ఇంకొంచెం ఎక్కువ, ఇవాళ ఇంకా ఎక్కువ. ఆ మూత్రం సంచి పట్టుకుని నేను వార్డంతా తిరిగి చూపిస్తుంటే సిస్టర్లు నవ్వారు. ఇక ప్రాణభయం లేదని మేడం అంది. పూలమ్మ పెద్దమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను లాక్కున్నాను. ఆ చేతులతోనే కదా ఆ ఉత్తరం రాసింది.

ఇక రెండో మాట. జెండా రోజు నువ్వు చెప్పిన సంగతి విన్నప్పుడు నాకు గర్వమనిపించింది. నువ్వు మానేస్తే అందరూ నేరుగా మా దగ్గరికి వస్తారని నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను. రాలేదు మామూ. పక్క ఊళ్లో పాము మంత్రం వేసే సారంగపాణి దగ్గరికి పోతున్నారు. ఈ రెండు వారాల్లో మీ వైపు నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ తాడు మాంసంలోకి దిగిపోయి ఉంది, బ్లేడు గాట్లున్నాయి. ఒకతని కాలు తీసేశారు.

నిన్న వచ్చినామె పూలమ్మ పెద్దమ్మతో కలిసి నాట్లు వేసే గుంపులో మనిషే. తెల్లవారుజామున కరిస్తే మధ్యాహ్నం తెచ్చారు. తనంతట తాను ఊపిరి తీసుకోవడం లేదు. గొట్టం వేసి, మందు ఎక్కించి, గంటన్నర కొట్లాడాం. పోయింది. ఆమె వెంట వచ్చిన ముసలాయనను ముందే ఎందుకు తేలేదని నేను గట్టిగా అడిగాను. "నయీం సాబు ఉంటే ఆయన తోలేటోడు. ఎటు పోవాల్నో మాకేం తెలుస్తది" అన్నాడు.

మూడేళ్ల కింద మానెయ్యమని నేనే కొట్లాడాను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మళ్లీ కూర్చో మామూ. ఆకు వద్దు, చూడ్డం వద్దు. గుమ్మంలో కూర్చుని పంపించు చాలు.

నీ మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
5 సెప్టెంబర్, మిలాద్ రోజు

బిడ్డా,

పోయినామె మా వెనక వీధే. మొన్న సోమవారం మట్టికి పోయి వచ్చాను. వాళ్ల ఇంటాయన నన్ను చూసి, "నువ్వు వద్దంటివి గద సాబూ" అన్నాడు. తిట్టలేదు. ఉన్న మాటే అన్నాడు. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

అయినా కూర్చోలేను. నువ్వు కోపం తెచ్చుకున్నా సరే. దువా మీద నాకు అనుమానం లేదు, నా మీదే ఉంది. మనిషి నొప్పితో ముందు కూర్చుంటే, నా మనసు కంటే ముందు నా చెయ్యి ఆకు కోసం పోతుంది. చిన్నప్పటి నుంచి అబ్బా పక్కన కూర్చుని కొమ్మ తుంచి ఇచ్చిన చెయ్యి ఇది. మూడేళ్లు నీ ఒప్పందం దాన్ని కట్టేసింది. ఒక్క వాక్యం దొరికేసరికి విప్పుకుని పోయింది. రేపు ఇంకేదైనా దొరుకుతుంది. ఎవరో బాగా నవ్వుతూ వస్తారు, ఏం కాదులే అనిపిస్తుంది, మళ్లీ ఆపుతాను. అడగడం తేలిక బిడ్డా. ఇంకో గట్టయ్యను నేను చూడలేను.

పండుగ ఊరేగింపు జులూసుకు కూడా పోలేదు. మీ ముమానీ ఖీర్ వండింది, శేఖర్ చేతికి ఇస్తున్నాను. గట్టయ్యకు తీపి పెట్టవచ్చా? పెట్టొచ్చంటే వాడికి ఇవ్వు. నేను పంపానని చెప్పకు.

నయీముద్దీన్

*

వరంగల్
12 సెప్టెంబర్ 2025, శుక్రవారం

మామూకు సలాం.

గట్టయ్య బాపును ఇవాళ ఇంటికి పంపిస్తున్నాం. ఈ ఉత్తరం పూలమ్మ పెద్దమ్మ కొంగున కట్టుకుని తెస్తుంది. సగం మనిషయ్యాడు. ఉప్పు తగ్గించాలి, పది రోజులకోసారి వచ్చి చూపించుకోవాలి, మూడు నెలల దాకా పొలం పని వద్దు.

ఖీర్ రెండు చెంచాలు తిన్నాడు. ఎవరు పంపారని అడగలేదు. నీ మీద కోపముందా అని ఇవాళ పొద్దున నేనే అడిగేశాను. తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. మొదటి రోజుల్లో నువ్వు అన్నం తింటున్నావా అని అడిగేవాడు, ఈ మధ్య నీ పేరే ఎత్తడం లేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరం సంగతి, నా ఉత్తరం సంగతి మొత్తం చెప్పేశాను. చెప్పకుండా ఇంటికి పంపడం నాకు చేతకాలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఏమైనా అంటే దగ్గరికి జరిగి పూర్తిగా విను. కూర్చోమని ఇక నిన్ను అడగను.

మెహనాజ్

*

ఎర్రకుంటపల్లి
21 సెప్టెంబర్, ఆదివారం మధ్యాహ్నం

మెహనాజ్ బిడ్డకు మామూ దువా.

ఈపాటికి బక్కమ్మ నీ దగ్గరికి చేరి ఉంటుంది. టైము కాగితం మీద రాశాను, తొమ్మిదీ పది. ఎట్లా ఉందో శేఖర్‌తో కబురు చెయ్యి. కబురు వచ్చేదాకా కూర్చోలేక ఇది రాస్తున్నాను.

గట్టయ్య ఇంటికి వచ్చి తొమ్మిది రోజులైంది. రెండుసార్లు పోయాను. పూలమ్మ మంచినీళ్లిచ్చింది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రలో లేడు, వీపు చూస్తే నాకు తెలుస్తుంది. నేను కాసేపు కూర్చుని నీళ్లు తాగి వచ్చేశాను. మూడోసారి పోవడానికి ధైర్యం చాలలేదు.

ఇవాళ బతుకమ్మ మొదటి రోజు. పొద్దున్నే ఆడవాళ్లంతా గునుగు పూలకు చెలకల్లోకి పోయారు. బక్కమ్మ పూలు కోస్తుంటే పాదం మీద కరిచిందట. కొడుకులు ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి సారంగపాణి ఊరి దిక్కు పోతున్నారు. గట్టయ్య వాకిట్లో మంచం మీద ఉండి చూశాడు. లేచాడు. పది అడుగులు వేస్తే కూర్చోవలసిన మనిషి, పోయి ట్రాక్టర్ ముందు నిలబడ్డాడు. పక్కకు జరగమని ఎంత అరిచినా జరగలేదట. బండిని మా ఇంటి వైపు తిప్పించి, తనూ ట్రాలీ పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

ఇవేవీ నాకు వినపడలేదు. మిషన్ మీద ఉన్నాను. తల ఎత్తేసరికి గుమ్మం నిండా జనం, ముందు గట్టయ్య. రొప్పుతున్నాడు. నా దగ్గర వద్దు, దవాఖానకు తీసుకుపొమ్మని జనానికి చెప్పమన్నాను వాడితో. వాడు నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు. "నేను పొమ్మంటే పోతలేరు. నువ్వు పొమ్మంటేనే పోతరు. జెప్పు."

బక్కమ్మ నన్ను చూసి నవ్వింది బిడ్డా. "ఏం గాలేదు సాబూ, జర మంటగున్నది" అంది. నేను చెప్పానే, నవ్వుతూ వస్తారని. అట్లాగే నవ్వింది. నేను కొమ్మ కోసం లేచానో, ఎందుకు లేచానో నాకే తెలియదు, చెయ్యి మాత్రం వాకిట్లో వేప వైపు పోయింది. గట్టయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఒంట్లో సత్తువ లేదు, అయినా విడిపించుకోలేకపోయాను. "ఊదు. పంపు. గంతే" అన్నాడు.

ఊదాను. పంపాను. శేఖర్ ఆటో మలుపు తిరిగేదాకా వాడు నా చెయ్యి వదల్లేదు.

తర్వాత వదిలేసి ఇంటి దారి పట్టాడు. మన్నించానని అనలేదు. నేను వెనకాలే నడిచాను. దారిలో రెండుసార్లు కూర్చున్నాడు. వాడు కూర్చున్నప్పుడల్లా నేను పది అడుగుల వెనక నిలబడ్డాను. మూడోసారి ఎవరింటిదో అరుగు మీద కూర్చుని కొంచెం పక్కకు జరిగాడు. పోయి కూర్చున్నాను.

మీ మామూ
నయీముద్దీన్